ఇంటర్‌వ్యూకి రెండు బళ్ళు

ఆ ఉదయం దాచేపల్లి దాటాక సున్నపురాయి ఫ్యాక్టరీ గేటు ముందు ఉన్నవాళ్ళు, ఉన్నవి ఇవి.

ఎడ్లబళ్ళు రెండు. మొదటి బండిలో మా పెదనాన్న, ఆయన మనుషులు ఆరుగురు. పెదనాన్న మా ఊరి కింద బజారు పార్టీకి పెద్ద. రెండో బండిలో పై బజారు పార్టీకి పెద్ద అయిన మామయ్య, ఆయన మనుషులు ఆరుగురు. ఈ మామయ్యకీ మాకూ రక్తసంబంధం లేదు, ఊరి వరసకి మామయ్య. ఆయన ఏడో మనిషిని కూడా ఎక్కించబోతే, అవతలి బండిలో ఆరుగురే ఉన్నారని మా నాన్న బతిమాలి దింపించాడు. రెండు బళ్ళలో ఏ బండీ ఎక్కకుండా మధ్యలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన మిషన్ స్కూలు మాస్టారు. మా నాన్న. నేను. చేతికర్రలు ఎనిమిది. గంపెడు వేరుశనక్కాయలు, పై బజారు తరఫున. సీసాడు అడవితేనె, కింద బజారు తరఫున. రేకు గొట్టంలో చుట్టిపెట్టిన నా డిప్లమా. ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు ఒకటి, అది నా ఒంటి మీద ఉంది. బండి ఇరుసు కందెన మరక ఒకటి, అది ప్యాంటు మీద ఉంది.

గేటుకి అవతల కాపలాదారు ఒకడు, తాళం ఒకటి.

ఇంటర్‌వ్యూకి రమ్మని కార్డు వచ్చింది నాకొక్కడికే.

గుంటూరులో మూడేళ్ళు మెకానికల్ డిప్లమా చదివి ఊరికి వచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది. రైల్వేకి రాశాను, డ్యాము పనులకి రాశాను, బియ్యం మిల్లులకి, నూనె మిల్లులకి రాశాను. జవాబు రాసింది ఒక్క నూనె మిల్లు వాళ్ళే, అదీ నేను అడ్రసు తప్పు రాశానని చెప్పడానికి. ఇంతలో ఈ ఫ్యాక్టరీలో క్రషర్ సూపర్‌వైజరు కావాలని తెలిసి దరఖాస్తు పెడితే కార్డు వచ్చింది.

ఇది కూడా తప్పిపోతే నా గతి ఏమిటో ఇంట్లో ముందే తేల్చి పెట్టారు. నరసరావుపేటలో మా అమ్మ తరఫు చుట్టానికి మిరపకాయల కమీషన్ కొట్టు ఉంది. ఉగాది నుంచి అక్కడ కూర్చుని బస్తాల మీద నంబర్లు వెయ్యాలి. ఆ కొట్టు ఎలా ఉంటుందో చూసి రమ్మంటే ఓసారి వెళ్ళి ఒక పూట కూర్చున్నాను. తుమ్ములు లెక్కపెట్టడం నలభై దగ్గర మానేశాను. కళ్ళు తుడుచుకుంటున్న నన్ను చూసి ఆ చుట్టం, "అలవాటవుద్దిలే అబ్బాయ్, నాకు ఆరేళ్ళు పట్టింది" అన్నాడు. ఆయన కళ్ళు అప్పటికీ ఎర్రగానే ఉన్నాయి. అందుకని ఈ ఫ్యాక్టరీ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలో ఎవరికీ చెప్పలేనంత కావాలి.

ఉద్యోగం ఇచ్చేవాళ్ళ ముందు ఎలా మెలగాలో నాకు తెలుసు. మాకు మెషీన్ డ్రాయింగు చెప్పిన లెక్చరరు గారు ఆఖరి వారంలో బోర్డు మీద నియమాలు రాసి మమ్మల్ని నోటుబుక్కుల్లోకి ఎక్కించుకోమన్నారు. ఒకటి, ఒంటరిగా రావాలి. రెండు, పది నిమిషాలు ముందు రావాలి. మూడు, బూట్లకి పాలిష్ ఉండాలి. నాలుగు, కూర్చోమనేదాకా కూర్చోకూడదు. అయిదు, అడిగినదానికి అడిగినంతే చెప్పాలి. ఆరు, సొంత డబ్బా కొట్టుకోకూడదు. కార్డు వచ్చిన రోజు రాత్రి భోజనాల దగ్గర ఇవన్నీ మా నాన్నకి వరసగా చెప్పాను. నాన్న నాలుగెకరాల రైతు, ఏ పార్టీలోనూ లేడు, మాట తక్కువ. ఆరూ విని, మజ్జిగ పోసుకుని, మొదటి నియమం దగ్గరికే వెనక్కి వెళ్ళాడు.

"ఒంటరిగా పోతే నీకు ఎవరున్నారో వాళ్ళకెట్టా తెలుస్తదిరా?"

"నాకెవరున్నారో వాళ్ళకెందుకు నాన్నా? నాకేం వచ్చో చూస్తారు."

"నీకేం వచ్చో నాకే తెలవదు, వాళ్ళకేం తెలుస్తది" అన్నాడు నాన్న, ఏ కోపమూ లేకుండా.

మా వైపు ఎవరూ ఏ పనికీ ఒంటరిగా వెళ్ళరు. ఎడ్లు కొనాలంటే నలుగురు వెళతారు. కోర్టులో వాయిదా పడటానికైనా సరే పదిమంది గురజాల వెళ్ళి, వాయిదా పడిందని విని, పూరీలు తిని వస్తారు. వైద్యుడి దగ్గరికి వెళ్ళేవాడి వెంట రోగం లేనివాళ్ళు ఇద్దరైనా ఉంటారు. మనిషి వెనక ఎంతమంది వస్తే ఆ మనిషి అంత బరువు. ఒంటరిగా వచ్చాడంటే ఊరు వాణ్ణి వదిలేసిందని అర్థం. కొడుకుని అలా పంపితే నాన్నకి తలవంపులు.

ఆయన మర్నాడే వెళ్ళి పెదనాన్నని అడిగాడు. పెదనాన్న సరేనన్నాడు. చిక్కు అక్కడే వచ్చింది. పెదనాన్న ఒక్కడే వస్తే నేను కింద బజారు మనిషినైపోతాను, రేపు ఆ ఫ్యాక్టరీలో పై బజారు వాడెవడికైనా పని కావాలంటే నా వైపు చూడలేడు. అందుకని నాన్న పై బజారుకీ వెళ్ళాడు. కట్ట మీద ఒక తుమ్మచెట్టు ఎవరిదన్న గొడవలో పెదనాన్నా మామయ్యా మాట్లాడుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. చెట్టు కూడా ఎప్పుడో గాలివానకి పడిపోయింది. పెదనాన్న వెళుతున్నాడని తెలియగానే మామయ్య, "అయితే నేనూ వస్తా. అల్లుడు ఊరందరి పిల్లగాడు" అన్నాడు. వాళ్ళిద్దరికీ ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే మిషన్ స్కూలు మాస్టారు ద్వారానే. ఆయన మాకు ఇంగ్లీషు, లెక్కలు నేర్పారు. చర్చిలో పాటలు పాడించడం, రెండు బజార్ల మధ్య మాట మొయ్యడం కూడా ఆయన పనులే.

నా నియమాల్లో మొదటిది అలా పోయింది. బళ్ళు కదిలేసరికే రెండోదీ పోయింది. ఏ బండి ముందుండాలన్నది దారి పొడుగునా తేలలేదు, రోడ్డు వెడల్పుగా ఉన్నచోటల్లా రెండు బళ్ళూ పక్కపక్కనే నడిచాయి. ఎదురుగా లారీ వస్తే తప్ప ఎవరూ వెనక్కి తగ్గలేదు. గేటు దగ్గరికి చేరేసరికి కార్డులో రాసిన వేళ దాటి గంట అయింది.

కాపలాదారు క్రోసూరు వైపు మనిషి. మమ్మల్ని చూశాడు, కర్రలు చూశాడు, తాళం వేసి లోపలికి పరిగెత్తాడు. తర్వాత తెలిసింది, క్వారీలో మందు పేల్చినప్పుడు రాళ్ళు వచ్చి పొలాల్లో పడుతున్నాయని అంతకు నెల ముందు పక్క ఊరివాళ్ళు కర్రలతో వచ్చారట. కాసేపటికి హెడ్ క్లర్కు గేటు వెనక నిలబడ్డాడు. తాళం తియ్యకుండానే మాట్లాడాడు.

"రాళ్ళ సంగతైతే నష్టం ఎంతో రాసివ్వండయ్యా. మేనేజరు గారు చూస్తానన్నారు."

"రాళ్ళూ లేదు, ఏం లేదు" అన్నాడు పెదనాన్న. "మా అబ్బాయిని మీ మేనేజరుకి చూపిద్దామని వచ్చాం."

హెడ్ క్లర్కు నన్ను, నా ఇస్త్రీ ప్యాంటుని, వేరుశనక్కాయల గంపని చూశాడు. "మేనేజరు గారికి ఆడపిల్లలు లేరండీ" అన్నాడు.

నేను ముందుకెళ్ళి కార్డు చూపించాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మా వెనక ఉన్న బళ్ళని చూసి, మళ్ళీ కార్డు చూశాడు. ఈసారి లోపలికి వెళ్ళి వచ్చి, ముగ్గురు రావచ్చు, కర్రలు బయటే ఉండాలి అని చెప్పాడు.

పెదనాన్న కండువా సర్దుకున్నాడు. ఆయన వెళుతుంటే మామయ్య ఆగడు కనక మామయ్య కూడా సర్దుకున్నాడు. ఇద్దరి మధ్యా మాట మొయ్యాలి కనక మాస్టారు సైకిలుకి స్టాండు వేశారు. ముగ్గురైపోయారు. కాపలాదారు గేటు తెరిచాడు, ముగ్గురూ లోపలికి వెళ్ళారు, మళ్ళీ మూసేశాడు. నేనూ నాన్నా బయట ఉన్నాం.

హెడ్ క్లర్కు పది అడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగాడు. "అబ్బాయి వద్దా?"

"వాడెందుకయ్యా" అన్నాడు మామయ్య. "వాడి సంగతి మేం చెప్తాంగా."

మాస్టారు నచ్చచెప్పాక నన్ను నాలుగోవాడిగా లోపలికి వదిలారు.

మేనేజరు గారిది కోయంబత్తూరు వైపు. సన్నగా, నుదుట విభూతితో, ఎవరినీ నొప్పించని మనిషి. మా దేశం వచ్చి రెండేళ్ళయిందట, తెలుగు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాడు. ఆయన బల్లకి ఇవతల రెండు కుర్చీలున్నాయి. కూర్చోండి అన్నాడు. ఎవరూ కూర్చోలేదు. పెదనాన్న ముందు కూర్చుంటే మామయ్య కూర్చునేదాకా ఆగలేకపోయాడని అంటారు, మామయ్య ముందు కూర్చుంటే పెదనాన్న నిలబడి ఉండగా కూర్చున్నాడని అంటారు. మేనేజరు గారు మళ్ళీ కూర్చోండి అన్నాడు. మాస్టారు ఇద్దరి వెనకా నిలబడి, ఒక్కొక్క భుజం మీద ఒక్కొక్క చెయ్యి వేసి, బడిపిల్లలకి చెప్పినట్టు "ఊఁ" అన్నారు. ఇద్దరూ ఒక్కసారే కూర్చున్నారు. నాకు కుర్చీ లేదు కాబట్టి నాలుగో నియమం దానంతటదే నిలబడింది.

మేనేజరు గారు నా వైపు చూసి అడిగాడు. "మీరు ఏ సంవత్సరము పాస్ అయినారు?"

"ఫస్టు క్లాసండి" అన్నాడు పెదనాన్న. "మా తాలూకాలో ఇంకోడు లేడు."

తాలూకాలో ముగ్గురున్నారు, వాళ్ళలో ఇద్దరు నా క్లాసువాళ్ళే. కానీ ఆ సంగతి నన్ను అడగలేదు కనక నేను చెప్పలేదు.

"మిషన్ పని చేతితో చేసినారా?" ఇది కూడా నన్నే.

"అదేందండీ అట్టా అంటారు" అన్నాడు మామయ్య. "మా తోటలో ఆయిల్ ఇంజను ఆగిపోతే మొత్తం విప్పి బిగించాడు అల్లుడు. ఇప్పటికీ నడుస్తంది. పైగా రెండు నట్లు మిగిల్చాడు."

మేనేజరు గారు కళ్ళద్దాలు తీసి నా వైపు చూశాడు. "మిగిల్చినారా?"

"అవి లాక్‌నట్లు సార్, అసలు నట్టు వదులు కాకుండా పైన వేసేవి" అన్నాను. గదిలో నేనన్న మొదటి మాట అదే.

"మా ఇంట్లో దాచిపెట్టా, భద్రంగా ఉన్నాయి" అన్నాడు మామయ్య.

పై బజారు వాళ్ళ ఇంజను గొప్ప చెప్పాక పెదనాన్న ఊరుకుంటే ఎలా. "ఇంజనుదేముంది. మాస్టారూ, ఆయనకి చెప్పండి, అదో పెద్ద పనా? ఏ మిషను అయినా సరే మావాడికి చూపించండి. చూసిన నిమిషంలో రోగం చెప్తాడు."

మాస్టారు దీన్ని మేనేజరు గారికి ఇంగ్లీషులో చెప్పారు. ఇంగ్లీషులో అది ఇంకా బలంగా వినపడింది. లెక్చరరు గారి ఆరో నియమం నా తరఫున ఇంకెవరూ డబ్బా కొట్టకూడదని చెప్పలేదు.

మేనేజరు గారు లేచాడు. "మంచిది. మా క్రషర్ నిన్న మధ్యాహ్నము నుండి నిలిచిపోయినది. రండి, చూడండి."

క్రషర్ బొమ్మ నేను గీశాను, మూడు కోణాల్లో, మంచి మార్కులే వచ్చాయి. నిజం క్రషర్ ఎప్పుడూ చూడలేదు. మేం ఆఫీసు దాటి నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడు వినపడింది. కాపలాదారుకి ఎవరో దోసెడు వేరుశనక్కాయలు పెట్టారు, అతను గేటు తీసిపెట్టాడు. పన్నెండుమందీ, నాన్నా మా వెనకే వస్తున్నారు.

క్రషర్ అంటే రెండు పెద్ద ఇనప దవడలు. ఒకటి కదలదు, రెండోది ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మధ్యలో రాళ్ళు పడి నలుగుతాయి. ఊగే దవడ వెనక దాన్ని నెట్టే ఇనప పలక ఒకటి ఉంటుంది. అది నిలువునా విరిగి ఉంది. నిన్నటి నుంచి రెండు కొత్త పలకలు వేశారట, రెండూ విరిగాయట. పక్కన మెకానిక్కు మూడోది పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నాకు ఒక్కసారి ప్రాణం లేచి వచ్చింది. ఆ పలక గురించి పరీక్షలో ప్రశ్న వచ్చింది. దాన్ని కావాలనే బలహీనంగా చేస్తారు. నలగనిదేదైనా దవడల మధ్య పడితే మిగతా మిషను పాడవకుండా ముందు అదే విరగాలి.

"పలక మారిస్తే లాభం లేదు సార్" అన్నాను. "లోపల రాయి కానిది ఏదో ఉంది. ఇనుము. రాళ్ళన్నీ తీసి అది బయటికి తియ్యాలి."

మేనేజరు గారు నా మాట విన్నాడు. అది ఆయన ముఖంలో కనపడింది. కానీ వెంటనే దిగులు పడ్డాడు. నోటి దాకా నిండి ఉన్న రాళ్ళు చేత్తో తియ్యాలంటే మనుషులు కావాలి. అది మిరప కోతల కాలం. అక్కడ కూలీతో పాటు కాయలు కూడా పెడతారని ఫ్యాక్టరీ కూలీలంతా తోటలకి పోయారు, ఉన్నది అయిదారుగురు.

గొలుసుతో బరువులెత్తే చెయిన్ బ్లాకు కడితే ఎలా ఉంటుందో చెప్పాలని నేను నోరు తెరిచేలోపు పెదనాన్న తన మనుషుల వైపు తిరిగి, "ఏందిరా చూస్తన్నారు" అన్నాడు. మామయ్య కండువా తీసి నడుముకి కట్టుకున్నాడు. అంతే, కింద బజారు ఎడమ వైపు నుంచి, పై బజారు కుడి వైపు నుంచి క్రషర్ మీదికి ఎక్కారు. ఒకళ్ళ రాయి కన్నా ఒకళ్ళు పెద్ద రాయి ఎత్తాలని పందెం. దించిన రాళ్ళు కూడా విడివిడిగా రెండు కుప్పలు వేశారు, తర్వాత లెక్క తేలాలి కదా. పెదనాన్న ఎడమ కుప్ప దగ్గర, మామయ్య కుడి కుప్ప దగ్గర నిలబడ్డారు.

"మాస్టారూ, వాళ్ళు చిన్న రాళ్ళు ఏరుకుంటన్నారని చెప్పండి" అన్నాడు మామయ్య.

"మాస్టారూ, చిన్న రాళ్ళు కూడా రాళ్ళేనని చెప్పండి" అన్నాడు పెదనాన్న.

మాస్టారు రెండూ చెప్పారు.

చివరికి దవడల అడుగున పిడి ఊడిన సమ్మెట తల ఒకటి దొరికింది. దాన్ని పైకి ఎత్తినప్పుడు ఒక కొసని కింద బజారు చెయ్యి, రెండో కొసని పై బజారు చెయ్యి పట్టుకుని ఉన్నాయి. ఇద్దరూ వదలకపోతే అలాగే నేలకి దించారు. మెకానిక్కు మూడో పలక బిగించాడు. ఇంజను పట్టీ వేశారు. క్రషర్ తిరిగింది, పలక విరగలేదు.

మేనేజరు గారి ముఖం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. రెండేళ్ళలో ఇంత వేగంగా పని జరగడం చూడలేదన్నాడు. అక్కడే, దుమ్ములోనే, హెడ్ క్లర్కుని పిలిచి మా పన్నెండుమందినీ సంవత్సరం పొడుగునా పనికి వస్తారా అని అడిగించాడు. ఎనిమిది మంది వస్తామన్నారు. ముందు కింద బజారు వాళ్ళు నలుగురు ఒప్పుకున్నారు, అది చూసి పై బజారు వాళ్ళు నలుగురు ఒప్పుకున్నారు. పేర్లు రాసుకున్నారు. మర్నాటి నుంచే రమ్మన్నారు.

నాతో మేనేజరు గారు, "మీకు కబురు పంపెదము" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో రెండు బళ్ళలోనూ సంబరం. వేరుశనక్కాయలు సగం ఫ్యాక్టరీలో ఇచ్చారు, సగం వెనక్కి వచ్చాయి. పెదనాన్న నా పక్కన కూర్చుని, "పని బాగా కుదిరింది అబ్బాయ్" అన్నాడు. ఎనిమిది మందికి కుదిరిందని ఆయన ఉద్దేశం. ఇంటి దగ్గర మా అమ్మ ఒక్కతే, "మరి నీదేమైంది?" అని అడిగింది. నాన్న కాళ్ళు కడుక్కుంటూ, "కబురు పెడతారంట" అన్నాడు.

కబురు రాలేదు. రోజూ తెల్లవారుజామున ఎనిమిది మందీ అన్నం మూటలతో మా గుమ్మం ముందు నుంచి పనికి వెళ్ళేవాళ్ళు, రోడ్డుకి ఎదురెదురు అంచులు పట్టుకుని, నలుగురూ నలుగురూ. సాయంత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా తిరిగి వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకడు, నాకు వరసకి బాబాయి, అరుగు మీద కూర్చుని ఫ్యాక్టరీ సంగతులు చెప్పేవాడు.

"మీ మేనేజరు నిన్ను అడుగుతా ఉంటాడ్రా. ఆ అబ్బాయి చదువు మంచిదే, నోరు లేదంటాడు. సూపర్‌వైజరుకి నోరుండాలంట."

"నన్ను మాట్లాడనిచ్చారా బాబాయ్ మీరు?"

"మేం లేకపోతే నువ్వు మాట్లాడతావా ఏంది?" అన్నాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఉగాది దగ్గర పడింది. నరసరావుపేట చుట్టం మనిషి చేత కబురు పంపాడు, పండగ మర్నాడు మంచిదట, కొట్లో కూర్చోబెడదామన్నాడు. అమ్మ నా పరుపు ఎండకి వేసింది. ఆ సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని ఆలోచించాను. మొదటిసారి వెళ్ళినప్పుడు నా నియమాల్లో ఏదీ సరిగా నిలబడలేదు. అవి తప్పని తేలలేదు, వాడి చూడలేదంతే. ఒక్కసారి పద్ధతి ప్రకారం వెళ్ళి చూడాలి.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా మాస్టారి సైకిలు అడిగి తీసుకున్నాను. ఎందుకని ఆయన అడగలేదు. ప్యాంటు మరకని అమ్మ కిరసనాయిలుతో రుద్ది బూడిదరంగుకి తెచ్చింది. బూట్లకి పాలిష్ పెట్టాను. ఆఫీసు తెరిచే వేళకి పది నిమిషాలు ముందే గేటు దగ్గర ఉన్నాను.

కాపలాదారు నన్ను గుర్తుపట్టి నవ్వాడు. నవ్వుతూనే నా వెనక రోడ్డు వైపు చూశాడు. కొంచెం పక్కకి జరిగి మళ్ళీ చూశాడు. నవ్వు పోయింది.

"ఏంది అబ్బాయ్, ఒక్కడివే వచ్చావు? ఊళ్ళో అంతా బాగున్నారా?"

"బాగున్నారు."

"ఇంట్లో?"

"అంతా బాగున్నారు. మేనేజరు గారిని చూడాలి."

జాలిగా గేటు తీశాడు.

మేనేజరు గారు ఈసారి కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. ఆయన కూడా కిటికీలోంచి గేటు వైపు చూసి అప్పుడు నా వైపు తిరిగాడు.

"మీ వాళ్ళు ఎక్కడ?"

"ఒక్కణ్ణే వచ్చాను సార్. ఇంటర్‌వ్యూకి ఒక్కడే రావాలని మా లెక్చరరు గారు చెప్పారు."

"సరియే. మా వైపు కూడా అట్లే. నేను ఈ ఉద్యోగమునకు ఒక్కడినే వచ్చినాను." ఆయన బల్ల మీద వేళ్ళు ఆనించాడు. "కానీ మా హెడ్ క్లర్కు నాకు ఇక్కడి పద్ధతి చెప్పినాడు. ఇక్కడ ఒంటరిగా వచ్చువాడు ఊరు విడిచిపెట్టినవాడు. పోయిన నెల ఒకడు ఒంటరిగా వచ్చి పని అడిగినాడు, ఇచ్చినాను. మూడవ దినము పోలీసులు వచ్చి వానిని తీసుకొనిపోయినారు."

"నేను అలాంటివాణ్ణి కాదు సార్."

"కాదు, తెలుసు. అయినను చెప్పండి. ఇది మనుషులను చూచుకొను ఉద్యోగము. ఆ దినము మీ వెనుక అంత మంది ఉండిరి. ఈ దినము ఒక్కరు లేరు. ఈ మధ్యలో మీరు ఏమి చేసినారు?"

ఈ ప్రశ్నకి నేను తయారై రాలేదు. రాత్రంతా బెల్టు వేగాలు, గేరు నిష్పత్తులు వల్లె వేసుకున్నాను. పలక ఎందుకు విరిగిందో అరగంట చెప్పగలను. మా ఊరు నన్ను ఎందుకు వదల్లేదో చెప్పడం చేతకాలేదు. నా కళ్ళ ముందు మిరపకాయల బస్తాలు కనపడ్డాయి. "ఏమీ చెయ్యలేదు సార్" అన్నాను, అది కూడా తప్పు చేసినవాడి గొంతులా వినపడింది.

అప్పుడే క్రషర్ ఆగింది. ఆ ఆఫీసులో క్రషర్ చప్పుడు ఎంత అలవాటంటే, అది ఆగితే చెవుల్లో ఏదో మూసుకున్నట్టు ఉంటుంది. మేనేజరు గారు సగం లేచాడు. బయట అడుగుల చప్పుడు. ఎనిమిది మందీ తల నుంచి కాళ్ళ దాకా తెల్లగా, గుమ్మంలో నలుగురు, వాళ్ళ వెనక నలుగురు.

బాబాయి ముందు మాట్లాడాడు. "ఏందయ్యా, మావాడు లోపల ఉన్నాడంట. మాకు గేటు కాడి మనిషి చెప్పాడు గానీ వీడు చెప్పలేదు."

వెనక నుంచి పై బజారు వాడు ఒకడు నన్ను చూసి, "ఒరేయ్, ఒంటరిగా వచ్చావేందిరా, దిక్కులేనోడిలాగా? ఊరి పరువు తీయడానికా?" అన్నాడు.

"క్రషర్ వద్ద ఎవరు ఉన్నారు?" అన్నాడు మేనేజరు గారు.

"ఎవరూ లేరు. ఆపి వచ్చాం" అన్నాడు బాబాయి. "మావాడికి పెళ్ళో పేరంటమో అయితే పోనీలే అనుకుందుం. ఉద్యోగం అడుగుతంటే మేం రాళ్ళు పోస్తా కూర్చుంటామా? ఈ సంగతి తేల్చండి, పోతాం."

"లారీలు నిలబడి ఉన్నవి. మీరు వెళ్ళండి."

ఎవరూ కదల్లేదు. మేనేజరు గారు ఇంకోసారి చెప్పాడు. హెడ్ క్లర్కు వచ్చి గట్టిగా చెప్పాడు. ఈసారి కదలకపోవడానికి కారణం నేను కాదు, నాకు అది తెలిసిపోయింది. కింద బజారు వాళ్ళు ముందు వెళితే, పై బజారు వాళ్ళు నా కోసం ఎక్కువసేపు నిలబడ్డట్టవుతుంది. పై బజారు వాళ్ళు ముందు వెళితే ఆ పేరు కింద బజారుకి పోతుంది. ఒక కాలు ముందుకి వెయ్యడానికి ఎనిమిది మందిలో ఎవరూ సిద్ధంగా లేరు.

మేనేజరు గారు నా వైపు తిరిగాడు. "మీరు పంపించగలరా?"

నేను కుర్చీలోంచి లేచాను. "బాబాయ్, నువ్వు ముందు నడు. నీ పక్కన పై బజారు వాడొకడు. ఇద్దరూ గుమ్మం ఒక్కసారే దాటండి. వెనక మిగతావాళ్ళు కూడా అట్లాగే, అటొకడు ఇటొకడు. క్రషర్ దగ్గర కూడా అట్లాగే జతలుగా నిలబడండి, నేను వస్తున్నా."

వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అందులో ఎవరికీ చిన్నతనం కనపడలేదు. మొదటి జత గుమ్మంలో భుజాలు తగలకుండా పక్కకి తిరిగి దాటింది. తర్వాత రెండో జత, మూడో జత. చివరివాడు వెళుతూ వెళుతూ, "మాట్లాడతాడ్రా" అన్నాడు పక్కవాడితో. పక్కవాడు పై బజారు. వాడు ఊఁ అన్నాడు.

మేనేజరు గారు జతలు కనుమరుగయ్యేదాకా కిటికీలోంచి చూశాడు. తర్వాత హెడ్ క్లర్కుతో ఉత్తరువు టైపు చెయ్యమన్నాడు. జీతం చెప్పాడు, నేను ఏదీ అడగకుండా సరేనన్నాను. ఎప్పుడు చేరాలని అడిగాను.

"ఇప్పుడే. క్రషర్ ఆగినప్పుడెల్లా ఎంతసేపు ఆగెనో రాయవలెను, అది సూపర్‌వైజరు పని. వెళ్ళి రాయండి."

నేను వెళ్ళేసరికి క్రషర్ తిరుగుతోంది. కింద బజారు, పై బజారు, కింద బజారు, పై బజారు, వరసగా రాళ్ళు అందించుకుంటున్నారు. పుస్తకం మేకుకి వేలాడుతోంది, పెన్సిలు దారంతో కట్టి ఉంది. ఇంజను మనిషిని అడిగి వేళలు రెండూ తెలుసుకుని మొదటి వరస నింపాను.

ఆగిన సమయం: పదకొండు నిమిషాలు.